ఏరికోరి వేయించుకున్న టీకా

కరోనా టీకాల్లో ఏది మంచిదని 2021లో నన్ను అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను. నేను డాక్టరును కాను, కనీసం కాంపౌండరును కూడా కాను. శంషాబాద్ ఎయిర్ కార్గోలో కస్టమ్స్ క్లియరెన్స్ చూసే ఒక చిన్న ఏజెన్సీలో పని నాది. మందుల పెట్టెలు విమానం ఎక్కే ముందు వాటి కాగితాలు అప్పుడప్పుడు నా చేతి మీదుగా పోతుంటాయి. కాగితాలు చూసేవాడికి పెట్టెలో సంగతి కూడా తెలిసే ఉంటుందని మా అత్తాపూర్ అపార్ట్‌మెంట్‌లో జనం నమ్మారు. వాళ్ల సంగతి సరే, నేనూ నమ్మాను.

ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్లందరికీ టీకా అన్నారు. నాకు యాభై దాటి కొంతకాలమైంది. నా భార్యకు 47. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ల నంబర్లు చెప్పుకుని ఇళ్లు వెతుక్కునే పేట మాది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం మా ఇంటికి నాలుగు పిల్లర్ల అవతల. అక్కడి ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మం దగ్గరా ఆగింది. "రేపు పొద్దుగాల వచ్చేయండి సారూ, మల్ల జనం ఎక్కువైతరు" అంది. ఏ టీకా అని అడిగాను. కోవిషీల్డ్ అంది. "చూద్దాంలే అమ్మా" అన్నాను. ఆ 'చూద్దాం' ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఇదంతా.

నా భార్య మాత్రం చూద్దామనలేదు. మర్నాడే మా పనిమనిషిని వెంటబెట్టుకుని వెళ్లింది. ఇద్దరూ వేయించుకుని, అరగంట కూర్చుని, వస్తూ వస్తూ కూరగాయలు తెచ్చుకున్నారు. రాత్రికి కాస్త జ్వరం, పొద్దున ఒక పారాసెటమాల్. అంతే. "మీరూ వేసుకుంటే ఒక పని అయిపోతది" అంది. ఆమెకు ఏం తెలుసనుకున్నాను.

నాకు తెలిసింది ఏమిటంటే, పాత డైరీలో మూడు గడులు. మొదటి గడిలో కోవిషీల్డ్, 70.4 శాతం. రెండో గడిలో కోవాగ్జిన్, 81. మార్చి 3న కంపెనీ ప్రకటించిన మధ్యంతర ఫలితం. మూడో గడిలో స్పుత్నిక్-వి, 91.6, ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎంసెట్ ర్యాంకు చూసి పిల్లల భవిష్యత్తు తేల్చేసే జాతి మనది. అంకె ఒకటి కళ్లముందు పెడితే ఇక ఆలోచన ముందుకు సాగదు. ఆ మూడు అంకెలూ మూడు వేర్వేరు ప్రశ్నపత్రాలకు వచ్చిన మార్కులని నాకు తట్టలేదు. ఒకటి బ్రిటన్, బ్రెజిల్‌లలో, ఒకటి మన దేశంలో, ఒకటి రష్యాలో. నెలలు వేరు, అప్పుడు తిరుగుతున్న వైరస్ రకాలు వేరు, ఎవరిని రోగిగా లెక్కించాలన్న నియమమూ వేరు. అన్నిటినీ మించి, ఏప్రిల్‌లో మన ఊళ్లమీద పడుతున్నది డెల్టా. అది ఈ మూడు పరీక్షల్లో ఏ ఒక్కదాని సిలబస్‌లోనూ పెద్దగా లేదు. నేను మాత్రం 91.6 చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా గీసి పెట్టుకున్నాను.

కోవాగ్జిన్‌ను కొట్టేయడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. పుణె వైరాలజీ సంస్థ వేరుచేసి ఇచ్చిన వైరస్‌తో మా ఊరికి అటువైపు, శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన సరుకు. రింగ్ రోడ్డెక్కితే గంటలో పోయి చూసి రావచ్చు. అంత దగ్గర్లో తయారైంది గొప్పదెలా అవుతుంది? దీనికి తోడు జనవరి 3న అనుమతి ఇచ్చినప్పుడు దాన్ని 'క్లినికల్ ట్రయల్ పద్ధతి'లో వేస్తామన్నారు. వేయించుకునేవాళ్లు ఒప్పందపత్రం మీద సంతకం పెట్టాలన్నారు. సంతకం అనగానే నాలోని కస్టమ్స్ మనిషి మేల్కొన్నాడు. సంతకం అడిగారంటే తర్వాత మనమే బాధ్యులమని అర్థం.

అప్పుడే నీళ్ల గొడవ కూడా వచ్చింది. కోవిషీల్డ్ తయారుచేసే సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదర్ పూనావాలా ఒక టీవీ ఇంటర్వ్యూలో ఫైజర్, మోడెర్నా, ఆస్ట్రాజెనెకా టీకాలకు మాత్రమే ఫలితం రుజువైందని, మిగతావి నీళ్లలా సురక్షితం మాత్రమేనని అన్నారు. కోవాగ్జిన్ తయారుచేసే భారత్ బయోటెక్ అధిపతి కృష్ణ ఎల్ల మర్నాడే విలేకరుల ముందుకొచ్చి ఆ మాట తన టీకాను అవమానించడమేనని మండిపడ్డారు. జనవరి 5న ఇద్దరూ కలిసి ఒక ప్రకటన ఇచ్చి సర్దుకున్నారు. వాళ్లు సర్దుకున్నారు గానీ నేను సర్దుకోలేదు. మార్చి దాకా కోవాగ్జిన్‌ను "ఆ నీళ్ల సూది" అనే పిలిచాను. దానికి లిఫ్టులో నవ్వులు కూడా దొరికాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. జనవరిలో ఆ అనుమానం గాలిమాట కాదు. మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతి ఇవ్వడాన్ని గగన్‌దీప్ కాంగ్ లాంటి టీకా శాస్త్రవేత్తలే బహిరంగంగా ప్రశ్నించారు. వాళ్లడిగింది లెక్కలు చూపించమని. మార్చిలో మొదటి లెక్కలు వచ్చాయి, సంతకం షరతూ తీసేశారు. నేను మాత్రం వాళ్ల ప్రశ్నను అరువు తెచ్చుకుని, జవాబు వచ్చాక కూడా తిరిగి ఇవ్వలేదు. జవాబు నాకు అవసరమే లేదు. ప్రశ్న అడుగుతున్నప్పుడు నా ముఖంలో కనిపించే తెలివి మీదే నాకు మోజు.

కోవిషీల్డ్‌ను కాదనడానికి ఐరోపా సాయం వచ్చింది. మార్చిలో డెన్మార్క్, జర్మనీ, ఫ్రాన్స్ వరసగా ఆస్ట్రాజెనెకా టీకాను కొన్నాళ్లు ఆపాయి. రక్తం గడ్డకట్టిన కేసులు. కోవిషీల్డ్ అదే టీకా, పుణెలో తయారైంది. ఈ ప్రమాదం అబద్ధమేం కాదు, అరుదైనది. మన దేశంలో ఆ కేసులను పరిశీలించిన జాతీయ కమిటీ మే 17న లెక్క చెప్పింది: అలాంటివి కావచ్చని తేలినవి 26, పది లక్షల డోసులకు 0.61 చొప్పున. పది లక్షల్లో ఒకటి కూడా నిండని ఆ ప్రమాదానికి భయపడినవాణ్ణి, ఏప్రిల్ అంతా రోజూ ఆఫీసుకెళ్లి, మూతి కిందికి మాస్కు జార్చి, నలుగురితో కలిసి ఇరానీ చాయ్ తాగాను.

అపార్ట్‌మెంట్‌లో అప్పటికి వర్గాలు ఏర్పడ్డాయి. కోవాగ్జిన్ వర్గానికి దేశభక్తి, హైదరాబాద్ అభిమానం రెండూ ఉన్నాయి. ప్రధాని మార్చి 1న ఎయిమ్స్‌లో అదే వేయించుకున్న ఫొటోను వాళ్లు రోజుకొకసారి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు. కోవిషీల్డ్ వర్గంలో ఎక్కువమంది అమెరికాలో పిల్లలున్నవాళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరి 15నే దాన్ని గుర్తించిందన్నది వాళ్ల ధీమా. నాలుగో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫైజర్ వచ్చేదాకా ఆగుతానన్నాడు. ఫైజర్ మన దేశంలో పెట్టుకున్న దరఖాస్తును ఫిబ్రవరి 5నే వెనక్కి తీసుకుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఎదురుచూసేవాళ్లు ఒకరికి ఇద్దరుంటే ధైర్యం కదా.

వాచ్‌మన్, పనిమనిషి, ఇస్త్రీ బండాయన ఏ వర్గంలోనూ చేరలేదు. ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు ఏ సీసా తెరిస్తే అది వేయించుకుని పనిలోకి వెళ్లిపోయారు.

నా మాట విన్నవాడు ఒక్కడున్నాడు. షాద్‌నగర్‌లో ఉండే నా బామ్మర్ది. "బావా, ఈడ కోవిషీల్డ్ ఏస్తున్రు, పోవాల్నా?" అని ఫోన్ చేశాడు. "తొందరపడకు, మంచి సరుకు వస్తున్నది, నేను చెప్తా" అన్నాను. చిన్నప్పటి నుంచి నేను చెప్పిందే వేదమనుకునే మనిషి. ఆగాడు.

ఏప్రిల్ మూడో వారానికి ఊరు ఊరంతా మారిపోయింది. బేగంపేట నుంచి వాయుసేన విమానాలు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను ఎక్కించుకుని ఒడిశాకు ఎగిరాయి. ఇన్నేళ్లుగా ఎయిర్ కార్గోలో ఉన్నా ట్యాంకర్ విమానమెక్కడం నేనెప్పుడూ వినలేదు. మే మొదట్లో నాకు జ్వరం వచ్చింది. రెండో రోజుకు పోపు వాసన పోయింది. ఆక్సిజన్ అంకె 93 దగ్గర ఊగిసలాడుతుంటే, అంకెలంటే అంత ప్రాణంపెట్టే నేను ఆ చిన్న యంత్రం వైపు చూడలేక కళ్లు మూసుకునేవాణ్ణి. ఇంటింటి జ్వర సర్వేలో భాగంగా మందుల కిట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ ఏఎన్‌ఎమ్మే. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పింది. టీకా మాట ఎత్తలేదు. పడకగది బయట నా భార్య, పనిమనిషి తిరుగుతూనే ఉన్నారు. వాళ్లకు రాలేదు. ఒక్క డోసు టీకా వల్లనేనని రుజువు చేయలేను. అదృష్టమేనని కొట్టిపారేయడానికీ ఇప్పుడు నోరు రాదు.

నేను ఇంట్లోనే తేరుకున్నాను. బామ్మర్దికి అంత తేలిగ్గా పోలేదు. అదే నెలలో వాడు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద రోజులు గడిపాడు. బతికి బయటపడ్డాడు, కానీ మెట్లెక్కితే ఆయాసం ఏడాది దాకా పోలేదు. 'బావా, నువ్వు ఆగమన్నవు' అని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పటికీ అనడు. అంటే బాగుండును.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటారు. మే చివర్లో నేనేం చేశానో వినండి. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇస్తున్న నాటు మందు కోసం జనం వేలల్లో ఎగబడుతున్న రోజులవి. ఆ రేవుకు సరుకు తోలే లారీ డ్రైవరు ఒకతను నాకు తెలుసు. అతనికి ఫోన్ చేసి నాకూ ఒక పొట్లం పట్టుకు రమ్మని బతిమాలాను. టీకాల ట్రయల్స్‌లో ఎంతమంది పాల్గొన్నారు, ఏ దశ, ఏ పత్రికలో వచ్చింది అని నెలల తరబడి లిఫ్టులో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మందుకు ఏ పరీక్ష జరిగిందని ఒక్క ప్రశ్న వేయలేదు. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనబెట్టి మిగతా మందుకు అనుమతి ఇచ్చింది. డ్రైవరు మాత్రం నాకు పొట్లం తేలేదు. "మీరు చదువుకున్నోళ్లు కద సార్, తమాషాకి అడిగారనుకున్నా" అన్నాడు.

ఇక జూన్ 1. ఆ తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగిన ప్రత్యేక కార్గో విమానంలో 56.6 టన్నుల స్పుత్నిక్-వి వచ్చింది, దాదాపు 30 లక్షల డోసులు. అప్పటికి దేశంలోకి దిగుమతైన టీకా సరుకులో అదే అతి పెద్దది. మైనస్ 20 డిగ్రీల్లో దాచాల్సిన సరుకు. డాక్టర్ రెడ్డీస్ దిగుమతిదారు. మా ఏజెంట్ల వాట్సాప్ గ్రూపు గొప్పలతో నిండిపోయింది. నా ఛాతీ కూడా ఉబ్బింది. ఆ 56.6 టన్నుల్లో ఒక్క పెట్టెను నేను కంటితో చూడలేదు, ఒక్క కాగితం నా బల్ల మీదికి రాలేదు. అయినా సాయంత్రానికి అపార్ట్‌మెంట్‌లో "మా కార్గోలోనే దిగింది" అని చెప్పుకున్నాను. నాక్కావాల్సింది పక్క ఫ్లాట్‌వాళ్లకు దొరకని టీకా అని ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది.

కరోనా వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగాలన్నారు కాబట్టి నా వంతు ఆగస్టు చివరికి వచ్చింది. ఆగస్టు 23 నుంచి జీహెచ్ఎంసీ పరిధిలో టీకా బండ్లు వీధి వీధికీ తిరిగాయి. మా వీధి మూలకూ ఒకటి వచ్చి ఆగింది. మైకులో పిలుస్తున్నారు, డబ్బు లేదు, స్లాటు లేదు, చొక్కా చేయి పైకి మడిస్తే చాలు. నేను ఆ బండి పక్కనుంచే కారు పోనిచ్చి నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లి స్పుత్నిక్ వేయించుకున్నాను. ప్రభుత్వం ప్రైవేటులో గరిష్ఠ ధరలు జూన్‌లోనే కట్టడి చేసింది: కోవిషీల్డ్ 780 రూపాయలు, స్పుత్నిక్ 1,145, కోవాగ్జిన్ 1,410. ఎక్కువ ధర పలికేదే మేలైన సరుకనుకుంటే నేను కోవాగ్జిన్‌కే పోవాలి. నా మూర్ఖత్వానికి సొంత లెక్క కూడా సరిగా లేదన్నమాట.

దీనికన్నా పెద్ద తప్పు తర్వాత తెలిసింది. స్పుత్నిక్‌లో రెండు సూదులు రెండు రకాలు. మొదటిది ఏడీ26 అనే ఎడినోవైరస్ మీద, రెండోది ఏడీ5 మీద కట్టింది. అమెరికా జాన్సన్ అండ్ జాన్సన్ టీకా కూడా అదే ఏడీ26 మీద తయారైంది. ఆ టీకానే రక్తం గడ్డకట్టే కేసుల కారణంగా ఏప్రిల్ 13న అమెరికా పది రోజులు ఆపింది. కోవిషీల్డ్ ఆధారం కూడా ఒక ఎడినోవైరసే, చింపాంజీది. ఏ కుటుంబానికి భయపడి ఇంట్లోంచి పారిపోయానో ఆ కుటుంబంలోకే అల్లుడిగా వెళ్లాను. అది కూడా కట్నం ఎదురిచ్చి.

సెప్టెంబరులో రెండో సూది కూడా అయింది. రెండు వారాలు నేను చాలా హుందాగా తిరిగాను.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. జనవరిలో కాన్పు. మా ఇద్దరికీ 2019లోనే పదేళ్ల వీసాలు వచ్చాయి. అప్పట్లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండిన అమెరికా కాన్సులేట్‌లో తీసుకున్నవి. నవంబర్ 8 నుంచి పూర్తి టీకా వేసుకున్న విదేశీయులను అమెరికా రానిస్తుందని ప్రకటించారు. టీకా ఏదై ఉండాలంటే, వాళ్ల ఎఫ్‌డీఏ గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ గుర్తించినదై ఉండాలి. కోవిషీల్డ్ జాబితాలో ఉంది. కోవాగ్జిన్‌ను నవంబర్ 3న, దీపావళికి ముందు రోజు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ కోవాగ్జిన్ వర్గం ఒకరోజు ముందే టపాసులు కాల్చింది. నేను జాబితా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాను. స్పుత్నిక్ లేదు. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు.

నగరంలో మూలమూలలా దొరికే ఉచిత టీకాలు రెండూ అమెరికాకు పనికొచ్చాయి. విదేశీ సరుకని మోజుపడి డబ్బు కట్టి వేయించుకున్నది విదేశానికి పనికిరాలేదు. రెంటికి చెడ్డ రేవడంటే ఏమిటో మా అమ్మాయికి ఫోన్‌లో వివరించాల్సి వచ్చింది. చాలాసేపు నవ్వి, ఆ తర్వాత, "మరి నాన్నా, మీరు రారా?" అంది.

ఇంకొక అడుగు కూడా వేశాను. ఇది చెప్పకుండా ఉంటే మంచిదే కానీ మొదలుపెట్టాను కాబట్టి చెబుతాను. ఆధార్‌తో స్పుత్నిక్ అయింది కదా, పాన్ కార్డుతో వేరే మనిషిలాగా కోవిషీల్డ్ వేయించుకోవచ్చా అని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. కంప్యూటర్ ముందు ఆ ఏఎన్‌ఎమ్మే కూర్చుని ఉంది. గొంతు తగ్గించి అడిగాను. ఆమె తగ్గించలేదు. "ఏంది సార్? ఏప్రిల్‌ల నేనే ఇంటికొచ్చి పిలిస్తి. అప్పుడు రాకపోతిరి. మా బస్తీల ఒక్క సూది కోసం పొద్దుగాల ఐదింటికి లైన్ల నిల్సున్నరు. మే నెలల టీకా లేక మొదటి డోసు వాళ్లను వాపస్ పంపినం, ముసలోళ్లు ఏడ్సుకుంట పోయిన్రు. మీకు రెండు రకాలు గావాల్నా?" అంది. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నా వైపు చూశారు. అందులో మా ఇస్త్రీ బండాయన ఉన్నాడు. ఇల్లు చేరేసరికి సంగతి నాకన్నా ముందే చేరింది.

నా భార్య జనవరిలో ఒక్కతే వెళ్లింది. ప్రయాణానికి ముందు రోజు చేయించుకున్న కరోనా పరీక్ష కాగితం, కోవిషీల్డ్ రెండు డోసుల సర్టిఫికెట్ కవర్లో పెట్టి ఇచ్చాను. కాగితాలు సర్దడం నా వృత్తి కదా. శంషాబాద్‌లో ప్రయాణికుల గేటు దాకా వెళ్లి చేయి ఊపి వచ్చాను. మనవడు పుట్టాడు. వాడు బోర్లాపడటం, పాకడం, నిలబడటం అన్నీ ఫోన్‌లోనే చూశాను. బామ్మర్ది కూడా షాద్‌నగర్ నుంచి వచ్చి నా పక్కన కూర్చుని చూసేవాడు. బామ్మర్ది మొదటి డోసు, రెండో డోసు రెండూ ఆ ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలోనే అయ్యాయి. ఏ టీకా అని నన్ను అడగలేదు.

అమెరికా ఆ నిబంధనను 2023 మే 12న ఎత్తేసింది. ఆ వేసవిలోనే నేను వెళ్లాను. ఇక్కడ గానీ దిగిన చోట గానీ ఏ టీకా వేయించుకున్నావని నన్నెవరూ అడగలేదు.